పాట పాడింది అవ్వ, కాపీరైట్ ఎవరిది?

(సంఘం వార్షికోత్సవ సభలో విద్యార్థులను, యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ మేము ఎంచుకున్న విషయం వినగానే లాయర్లకు సంబంధించిందేమో అనిపిస్తుంది. యూనివర్సిటీలో ఉద్యోగం చేసేవాళ్లు రాసిన పుస్తకం, తీసిన రికార్డింగ్, కనిపెట్టిన మందు ఎవరి సొంతం అవుతాయి అన్నది విషయం. దీనికీ మన గూడేలకూ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం రెండు వైపుల నుంచీ ఉంది.

ఒక వైపు, పండితులు, పరిశోధకులు మన దగ్గరికి రావడం ఎప్పటి నుంచో ఉన్నదే. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే గిడుగు వెంకట రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1940లలో హైమన్‌డార్ఫ్ గారు ఆదిలాబాద్ గోండు గూడేలలో ఉండి రాసుకున్న నోట్సు, తీసిన ఫోటోలు, ఫిల్ములు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండదొరల కూబి భాష మీద రాసిన పుస్తకం 1969లో వచ్చింది. వీళ్లందరి పనినీ మనం గౌరవంగానే తలుస్తాం. మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతులను ఇప్పటికీ ఇంటివాళ్లలా గుర్తు చేసుకుంటారు.

రెండో వైపు కొత్తగా వచ్చింది. ఇప్పుడు మన పిల్లలే యూనివర్సిటీలో ఉన్నారు. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. మనవాళ్లు పీహెచ్‌డీ చేస్తున్నారు, ప్రాజెక్టుల్లో ఫెలోలుగా చేరుతున్నారు, గెస్ట్ ఫ్యాకల్టీగా పాఠాలు చెబుతున్నారు. రికార్డర్ పట్టుకుని అవ్వ ముందు కూర్చునేది ఇప్పుడు మనవరాలే. కాబట్టి అక్కడి ఉద్యోగుల హక్కుల నియమాలు తెలియకపోతే రెండు వైపులా నష్టపోయేది మనమే.

ముందుగా చట్టం ఏమంటుందో చూద్దాం

మన దేశంలో దీనికి మూలం 1957 నాటి కాపీరైట్ చట్టం. ఎవరైనా ఒక రచన చేస్తే ఆ క్షణం నుంచే కాపీరైట్ పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత బతికినంత కాలం, ఆ తరువాత మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది.

మరి మొదటి హక్కుదారు ఎవరు? ఈ ప్రశ్నకు 17వ సెక్షన్ జవాబు చెబుతుంది. మామూలుగా రాసినవాళ్లే హక్కుదారులు. కానీ జీతానికి ఉద్యోగం చేస్తూ, ఆ ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు యజమానిది. ప్రభుత్వ రంగ సంస్థ చేయించిన పని అయితే హక్కు ఆ సంస్థది. చట్టసభ చేసిన చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కేంద్ర, రాష్ట్ర యూనివర్సిటీలు చాలావరకు అలా ఏర్పడినవే. అయితే ఈ నియమాలన్నిటికీ ముందు ఒక మాట ఉంది: ‘వేరుగా ఒప్పందం లేకపోతే’. ఈ మాటను గట్టిగా గుర్తు పెట్టుకోండి. ముందే ఒప్పందం రాసుకుంటే యజమాని హక్కును మార్చుకోవచ్చని దీని అర్థం. ఇవాళ మేము చెప్పే సలహాలు చాలావరకు ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి.

ఉద్యోగం అంటే ఏమిటన్నది కూడా ముఖ్యమే. 1916లో లండన్ యూనివర్సిటీ ప్రశ్నపత్రాల మీద ఒక కేసు నడిచింది. ప్రశ్నపత్రాలు తయారు చేసిన పరీక్షకులు యూనివర్సిటీకి ఉద్యోగులు కారు, ఒక పని ఒప్పుకుని చేసి ఇచ్చినవాళ్లు, కాబట్టి ఆ ప్రశ్నపత్రాల తొలి హక్కు పరీక్షకులదేనని కోర్టు తేల్చింది. మన కోర్టులు కూడా ఈ తేడాను పాటిస్తాయి. నెల జీతం తీసుకుంటూ యూనివర్సిటీ అజమాయిషీలో పని చేసేవారు ఒక రకం. ఒక అనువాదం చేసిపెట్టమంటే చేసి డబ్బు తీసుకునేవారు మరో రకం. పీహెచ్‌డీ విద్యార్థి ఈ రెండూ కాడు. ఫెలోషిప్ జీతం కాదు గనుక థీసిస్ మీద కాపీరైట్ సాధారణంగా విద్యార్థిదే. అదే విద్యార్థి పక్క గదిలో ప్రాజెక్ట్ అసిస్టెంటుగా చేరి నెల జీతం తీసుకుంటే, ఆ ప్రాజెక్టు కోసం చేసిన పని మీద యూనివర్సిటీ హక్కు అడగవచ్చు. మనిషి ఒక్కరే, టోపీలు రెండు. ఏ పని ఏ టోపీ కింద చేశారో మీకు తెలిసి ఉండాలి.

చాలా యూనివర్సిటీలు ఐపీ పాలసీ పేరుతో సొంత నియమాలు పెట్టుకుంటున్నాయి. అధ్యాపకులు రాసిన పుస్తకాలు, వ్యాసాలు వాళ్లకే వదిలిపెట్టి, సాఫ్ట్‌వేర్, పేటెంట్లు, బయటి నిధులతో చేసిన ప్రాజెక్టుల ఫలితాలను సంస్థ ఉంచుకోవడం వీటిలో తరచుగా కనిపించే పద్ధతి. ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది గనుక మీ సంస్థ పాలసీని మీరే చదవాలి. చేరే రోజు సంతకం పెట్టే కాగితాల్లో దాని ప్రస్తావన ఉండవచ్చు.

ఒక పాటను తీసుకుందాం

ఊహకు ఒక ఉదాహరణ చెబుతాం. మన చెల్లెలు ఒకామె యూనివర్సిటీ భాషా ప్రాజెక్టులో అసిస్టెంటుగా చేరింది. తన ఊరికి వెళ్లి అవ్వ చేత నాట్ల పాట పాడించి రికార్డు చేసింది. దాన్ని రాసింది, తెలుగులోకి మార్చింది, కష్టమైన మాటలకు అర్థాలు ఇచ్చింది. రెండేళ్ల తరువాత ప్రాజెక్టు డైరెక్టర్ పేరుతో పుస్తకం, ఒక యాప్ వచ్చాయి. ఇందులో ఎవరి హక్కు ఎంత?

మొదటిది పాట. తరతరాలుగా వస్తున్న పాటకు ఫలానావారు రచయిత అని చెప్పలేం. చట్టానికి రచయిత కావాలి, కాలపరిమితి కావాలి. ఈ రెండూ లేని పాట చట్టం దృష్టిలో ఎవరి సొత్తూ కాదు. ఊరంతా తమదే అనుకునే పాటకు చట్టంలో యజమానే లేడు.

రెండోది అవ్వ పాడటం. ఇక్కడ చట్టం అవ్వకు ఒక హక్కు ఇచ్చింది. గాయకులు, నర్తకులు, వాద్యకారులు, కథకులు అందరికీ తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. గుస్సాడీ ఆడేవారు, పడిగె ముందు డోలు కొట్టి కథ చెప్పే కోయ డోలీలు, కికిరి వాయించే పర్ధానులు అందరూ ఈ లెక్కలోకి వస్తారు. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, డోలీ సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మనమంతా సంబరం చేసుకున్నాం. అవార్డు వచ్చినా రాకపోయినా ఈ హక్కు ప్రతి కళాకారుడికీ ఉంది. 2012లో చట్టాన్ని సవరించి మరో రెండు చేర్చారు. తన పేరు చెప్పమని అడిగే హక్కు ఒకటి. తన పరువుకు నష్టం కలిగేలా ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు మరొకటి. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ అడిగే హక్కు కూడా ఉంది.

అయితే ఇక్కడే ఒక చిల్లు ఉంది. నిజాయితీగా బోధన కోసం, పరిశోధన కోసం మాత్రమే రికార్డు చేస్తే అది కళాకారుల హక్కును ఉల్లంఘించినట్టు కాదని 39వ సెక్షన్ అంటుంది. అంటే పరిశోధన పేరుతో వచ్చినవారు అవ్వను అడగకుండా రికార్డు చేసినా ఈ చట్టం కింద తప్పు పట్టడం కష్టం. అదే రికార్డింగును అమ్మినా, సినిమాలో పెట్టినా అప్పుడు ఆ మినహాయింపు చెల్లదు. మర్యాదగా అనుమతి అడగడం అన్నది పరిశోధన నీతి నియమాల వల్ల వచ్చింది. దాన్ని కాగితం మీదికి తీసుకురావడం మన పని.

మూడోది రికార్డింగ్. సౌండ్ రికార్డింగుకు చట్టం దృష్టిలో కర్త నిర్మాత, అంటే పూనుకుని బాధ్యత తీసుకుని చేయించినవారు. ప్రాజెక్టు యూనివర్సిటీది గనుక రికార్డింగ్ యూనివర్సిటీది అవుతుంది.

నాలుగోది చెల్లెలు రాసిన రాత, చేసిన అనువాదం. అనువాదానికి విడిగా కాపీరైట్ ఉంటుంది. కానీ ఆమె జీతం మీద ఉంది కాబట్టి వేరుగా ఒప్పందం లేకపోతే అదీ సంస్థదే. ఆమెకు మిగిలేది 57వ సెక్షన్ ఇచ్చిన నైతిక హక్కు. కాపీరైట్ యజమానిది అయినా, ఈ అనువాదం నాది, నా పేరు ఉండాలి అని అడిగే హక్కు ఆమెను వదిలిపోదు. సొత్తు వేరు, కర్తృత్వం వేరు. పుస్తకం మీద తన పేరు లేకపోతే ‘హక్కు యూనివర్సిటీది కదా’ అని ఊరుకోనక్కర్లేదు.

ఇప్పుడు మొత్తం లెక్క చూడండి. యూనివర్సిటీకి రికార్డింగ్, అనువాదం, పుస్తకం, యాప్ దక్కాయి. చెల్లెలికి పేరు అడిగే హక్కు దక్కింది. అవ్వకు చిల్లు పడిన హక్కు ఒకటి దక్కింది. పాటను ఇన్ని తరాలు మోసిన గూడేనికి కాపీరైట్ చట్టంలో ఏమీ దక్కలేదు. ఎవరూ దొంగతనం చేయలేదు. అందరూ నియమాల ప్రకారమే నడిచారు. అయినా ఫలితం ఇదే. అందుకే దుర్మార్గులెవరో వెతకడం కన్నా ముందుగా మాట్లాడుకోవడం, రాసుకోవడం మనకు ఎక్కువ పనికొస్తాయి.

మంచి ఉదాహరణ కూడా మన దగ్గర ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి లిపిలో రాసిన పాత రాతప్రతులు బయటపడ్డాయి. జయధీర్ తిరుమలరావు గారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఊరి పెద్దలతో కలిసి పని చేశారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి చేరింది. ఇందులో కూడా పొరలు ఉన్నాయి. అక్షరాలు ఎవరి సొత్తూ కావు, ఏ గోండు పిల్లవాడైనా రాసుకోవచ్చు. ఫాంట్ మాత్రం ఒక సాఫ్ట్‌వేర్, దానికి హక్కుదారు ఉంటారు. వాచకం రాసినవారికి ఆ వాచకం మీద హక్కు ఉంటుంది. లిపి అందరిదై ఫాంట్ తాళం వేసి ఉంటే బడిపిల్లలకు ఉపయోగం తక్కువ. కాబట్టి మన భాషకు ఫాంటో, కీబోర్డో, యాపో చేసే ప్రాజెక్టులో మీరు చేరితే మొదటి మీటింగులోనే ‘ఇది అందరికీ ఉచితంగా వదులుతారా?’ అని అడగండి. పని అయిపోయాక అడిగితే జవాబు రావడం కష్టం.

పాటల నుంచి మందుల దాకా

పాట సంగతి ఇలా ఉంటే చెట్టుమందు సంగతి ఇంకా సున్నితం. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పేరు మీద పుండ్లు మానడానికి పసుపు వాడకంపై పేటెంట్ వచ్చింది. కనిపెట్టామన్నవారు అక్కడి పరిశోధకులు, పేటెంట్ సంస్థది. మన దేశపు సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి సవాలు చేస్తే 1997లో అది రద్దయింది. తరువాత మన ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞానానికి ఒక డిజిటల్ లైబ్రరీ కట్టింది. మన పేటెంట్ చట్టంలో కూడా సంప్రదాయ జ్ఞానాన్ని కొత్త ఆవిష్కరణగా చూపి పేటెంట్ తీసుకోకూడదని 3వ సెక్షన్‌లో రాశారు.

కానీ ఒక్కసారి ఆలోచించండి. పసుపు కేసు గెలవడానికి గ్రంథాలు సాక్ష్యం అయ్యాయి. ఆ డిజిటల్ లైబ్రరీలో ఉన్నవి ఆయుర్వేదం, సిద్ధ, యునానీ లాంటి రాతలో ఉన్న వైద్యాలు. మన వైద్యం తాత నోట్లో ఉంది. రాయకపోతే సాక్ష్యం లేదు. రాస్తే అందరి చేతికీ పోతుంది. ఈ రెండింటి మధ్య దారి వెతకాల్సింది మీ తరమే.

కేరళలో కాణి అనే ఆదివాసులు ఈ దారిలో ముందు నడిచారు. వాళ్ల కథ మనకు పాఠం లాంటిది. 1987లో శాస్త్రవేత్తల బృందం ఒకటి అగస్త్య కొండల్లో తిరుగుతూ ఉంది. దారి చూపిస్తున్న కాణి యువకులు ఏవో చిన్న కాయలు తింటూ అలసట లేకుండా నడుస్తున్నారు. ఏమిటవి అని అడిగితే మొదట చెప్పలేదు, బయటివారికి చెప్పకూడదని వాళ్ల కట్టుబాటు. గట్టిగా అడిగాక ఆరోగ్యపచ్చ అనే మొక్కను చూపించారు. తిరువనంతపురం దగ్గరి ప్రభుత్వ వృక్ష పరిశోధన సంస్థ టీబీజీఆర్ఐ దాన్ని పరీక్షించి, మరికొన్ని మూలికలు కలిపి ‘జీవని’ అనే మందు చేసింది. 1995లో కోయంబత్తూరు ఆర్య వైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయలకు, 2 శాతం రాయల్టీకి లైసెన్స్ ఇచ్చింది. అందులో సగం కాణీలకు ఇవ్వాలని నిర్ణయించింది. 1997లో కాణీల ట్రస్టు ఏర్పడింది. 1999లో 5 లక్షల 19 వేల రూపాయలు ఆ ట్రస్టుకు చేరాయి.

ప్రపంచమంతా దీన్ని మెచ్చుకుంది, మెచ్చుకోదగినదే. జీవవైవిధ్య చట్టం రావడానికి ముందే ఆ సంస్థ సగం ఇస్తామని పూనుకుంది. అయినా లోపల చిక్కులు చాలా ఉన్నాయి. రహస్యం చెప్పింది కొద్దిమంది, కానీ జ్ఞానం అన్ని కాణి ఊళ్లదీ. వైద్యం తెలిసిన పెద్దలు కొందరు మమ్మల్ని ఎవరూ అడగలేదని అభ్యంతరం చెప్పారు. ట్రస్టు ఏర్పడి డబ్బు చేరేసరికి మొక్కను చూపించి పన్నెండేళ్లు గడిచాయి. అడవిలో ఆకు కోతకు అటవీశాఖ ఒప్పుకోలేదు. పేటెంట్లు సంస్థ చేతిలో ఉండేవి, కాణీల పేరున ఉండేవి కావు. అమెరికాలో ‘జీవని’ పేరును వేరేవారు ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకున్నారు. వాటా ఇవ్వడం మంచిదే, కానీ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఎప్పుడు అడిగారు అన్నవి వాటా కన్నా ముందు రావాల్సిన ప్రశ్నలని ఈ కథ చెబుతోంది.

అన్నీ చెప్పేవి కావు

కొన్ని విషయాలకు వాటా మాటే తలెత్తదు, అసలు బయటికి వెళ్లకూడదు. పెర్సపేన్ పూజలో పలికే మాటలు, ఒక గోత్రం వారు మాత్రమే వినే కథలు, ఒక కాలంలో మాత్రమే పాడే పాటలు మనకున్నాయి. ఇవి థీసిస్ అనుబంధంలోకి ఎక్కితే ఏమవుతుంది? 2009 నుంచి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ థీసిస్‌ల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలి. అవి శోధగంగ అనే సైట్లోకి చేరతాయి. ఎవరైనా, ఎక్కడి నుంచైనా చదవవచ్చు. డిగ్రీ వచ్చాక తీసెయ్యమంటే కుదరడం కష్టం. గైడ్‌తో మొదటి ఏడాదిలోనే మాట్లాడుకోవాలి.

ఈ ప్రశ్న ఆస్ట్రేలియా ఆదివాసులకు మనకన్నా ముందే ఎదురైంది. మౌంట్‌ఫర్డ్ అనే పరిశోధకుడికి 1940లో పిట్జంట్జట్జారా పెద్దలు నమ్మకంతో కొన్ని రహస్యాలు చెప్పారు. 1976లో ఆయన వాటిని పుస్తకంలో వేస్తే, మా ఆడవాళ్లు, పిల్లలు చూడకూడనివి ఇందులో ఉన్నాయని పెద్దలు కోర్టుకెళ్లారు. నార్తర్న్ టెరిటరీలో ఆ పుస్తకం అమ్మకాన్ని కోర్టు ఆపింది. కాపీరైట్ రచయితదే అయినా, నమ్మి చెప్పిన మాటను బయట పెట్టకూడదన్నది ఆధారం అయింది. తరువాత 1998లో బులున్ బులున్ అనే చిత్రకారుడి కేసులో మరో మాట వచ్చింది. బొమ్మ మీద కాపీరైట్ చిత్రకారుడిదే, కానీ ఆ బొమ్మలోని పవిత్ర విషయం తన తెగది గనుక, తెగకు నష్టం కలగకుండా చూసుకునే బాధ్యత అతని మీద ఉందని కోర్టు చెప్పింది.

ఈ రెండో మాట మన యువ పరిశోధకుల కోసమే చెప్పినట్టుంది. హక్కు మీ పేరున ఉండవచ్చు. అప్పుడు కూడా ఊరికి మీరు బాకీ ఉంటారు. మన గూడెంలో పుట్టడం వల్ల మీకు తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి. బయటివారికి చెప్పనిది మనవరాలికి చెబుతారు. ఆ నమ్మకం మీ ఉద్యోగంలో భాగం కాదు, దాన్ని యూనివర్సిటీకి రాసిచ్చే అధికారం మీకు లేదు.

మన చేతిలో ఉన్న చట్టాలు

కాపీరైట్ చట్టంలో గూడేనికి చోటు లేదన్నాం. కానీ వేరే చట్టాల్లో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అంటే మనకు పోడు పట్టాలే గుర్తొస్తాయి. అదే చట్టం 3వ సెక్షన్‌లో, జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన మేధో సంపత్తి మీద, సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు ఉందని స్పష్టంగా రాశారు. 1996 పీసా చట్టం సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారం గ్రామసభకు ఉందని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పీసా నియమాలు 2011లో వచ్చాయి. 2002 జీవవైవిధ్య చట్టం కింద, మన దేశపు జీవ వనరుల మీద చేసిన పరిశోధనతో పేటెంట్ కోరేవారు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గరికి వెళ్లాల్సి ఉంటుంది. ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, అది రిజిస్టర్ రాయాలి. ఆ రిజిస్టర్‌లో ఏది రాయాలి, ఏది రాయకూడదో ఊరు ముందే అనుకోవాలి.

ప్రపంచ స్థాయిలో కూడా కదలిక ఉంది. 2024 మే 24న జెనీవాలో ఒక ఒప్పందం ఆమోదం పొందింది. జన్యు వనరుల మీద, వాటితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానం మీద ఆధారపడి పేటెంట్ అడిగేవారు, అవి ఎక్కడివో, ఏ ఆదివాసులవో చెప్పాలన్నది అందులో ముఖ్యాంశం. పాటలకు, కథలకు మాత్రం అది వర్తించదు.

ఈ చట్టాలు కాగితం మీద ఉన్నంత కాలం కాగితాలే. గ్రామసభ ఒక తీర్మానం చేసి, తేదీ వేసి, సంతకాలు పెట్టినప్పుడే వాటికి బలం వస్తుంది.

మీరు చేయాల్సిన పనులు

యూనివర్సిటీలో చేరుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మొదట చెబుతాం.

ఒకటి, నియామక పత్రం మొత్తం చదవండి. ఐపీ పాలసీ ప్రతి ఒకటి అడిగి తీసుకోండి. అడగడం తప్పు కాదు.

రెండు, చేరకముందే మీ దగ్గర ఉన్న పాటల సేకరణ, కథలు, ఫోటోల జాబితా తేదీలతో రాసి, ఇవి ప్రాజెక్టుకు ముందు నుంచి ఉన్నవని డైరెక్టరుకు మెయిల్ పెట్టండి. రేపు తగవు వస్తే ఆ మెయిలే సాక్ష్యం.

మూడు, హక్కులు రాసిచ్చే కాగితం ఏదైనా వస్తే ఎంత కాలానికి, ఏ దేశాలకు, ఎంత డబ్బుకు అని చూడండి. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాసి ఉంటే ఆగి, పెద్దలను అడిగి సంతకం పెట్టండి.

నాలుగు, కన్సెంట్ ఫారం మన భాషలో ఉండాలి. చదువు రాని అవ్వకు చదివి వినిపించి, ఆమె ఒప్పుకోలును కూడా రికార్డు చేయండి. ఎందుకు రికార్డు చేస్తున్నాం, ఎక్కడ దాస్తాం, ఇంటర్నెట్‌లో పెడతామా లేదా, వద్దనుకుంటే ఎవరిని అడగాలి అన్నవి అందులో ఉండాలి.

ఐదు, పాడినవారి పూర్తి పేరు, ఊరు పేరు పుస్తకంలో వేయించండి. ‘ఒక గిరిజన మహిళ’ అని రాయనివ్వకండి. వాళ్లు పేరు వద్దంటేనే వదలండి.

ఆరు, రికార్డింగుల ఒక ప్రతి ఊరికి తిరిగి ఇవ్వండి. మనుమలు వినాలంటే లండన్‌కో ఢిల్లీకో రాయాల్సిన అవసరం ఉండకూడదు.

ఏడు, ఏ మొక్క దేనికి పనికొస్తుందో పూర్తి వివరంతో వ్యాసంలో వేసే ముందు ఊరిని అడగండి. ఒకసారి అచ్చయ్యాక వెనక్కి తీసుకోలేం.

గూడెం పెద్దలకు మా మనవి ఒక్కటే. పరిశోధకులు ఎవరు వచ్చినా, మన పిల్లలైనా సరే, గ్రామసభలో కూర్చోబెట్టి అడగండి. దక్షిణాఫ్రికాలో సాన్ ప్రజలు 2017లో పరిశోధకుల కోసం తామే ఒక నియమావళి రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ అన్న నాలుగు మాటల మీద అది నిలబడింది. మా దగ్గరికి వచ్చేవారు దీన్ని పాటించాలని చెప్పారు. ఏ ప్రభుత్వమో రాసిచ్చేదాకా వాళ్లు ఆగలేదు. మన సంఘం కూడా ఈ ఏడాది అలాంటి ఒక రెండు పేజీల పత్రం తయారు చేయాలని ఈ వేదిక మీద ప్రతిపాదిస్తున్నాం. లా చదువుతున్న పిల్లలు, పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు, పాటలు తెలిసిన పెద్దలు కలిసి కూర్చుంటే నెల రోజుల పని.

యూనివర్సిటీల మీద కోపంతో ఇదంతా చెప్పడం లేదు. గిడుగు వారి నిఘంటువు లేకపోతే సవర మాటలు ఎన్నో రాతలోకి వచ్చేవి కావు. మన పిల్లలు చదవాలి, రాయాలి, ప్రొఫెసర్లు కావాలి. రేపు ఐపీ పాలసీ రాసే కమిటీలో మనవాళ్లు సభ్యులుగా కూర్చోవాలి. ఆ రోజు ‘సమాచారం ఇచ్చిన సముదాయం’ అన్న మాట ఆ పాలసీలో ఒక నియమంగా చేరాలి.

చివరిగా, ఈ ప్రసంగం సంగతి. బహిరంగ సభలో చేసిన ప్రసంగం మీద హక్కు మాట్లాడినవారిది, వేరొకరి తరఫున మాట్లాడితే ఆ తరఫువారిది అని అదే 17వ సెక్షన్ చెబుతుంది. మేము సంఘం తరఫున మాట్లాడాం కాబట్టి ఈ పాఠం సంఘానిది. సంఘం దీన్ని అందరికీ వదిలిపెడుతోంది. కాపీ తీసుకోండి, గోండిలోకి, కోయలోకి, సవరలోకి మార్చుకోండి, హాస్టల్ గోడ మీద అంటించండి. అనువదించినవారు తమ పేరు రాసుకోవడం మాత్రం మరిచిపోవద్దు.

జై సేవా. జై ఆదివాసీ.